75 కిలోమీటర్ల అడ్డుకట్ట

ప్లాస్మా పరిశోధన అనగానే మన చర్చంతా ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ అనే కేంద్రక సంలీన రియాక్టర్ చుట్టూ తిరుగుతుంది. కోట్ల డిగ్రీల వేడి, కృత్రిమ సూర్యుడు! ఆ కల ఎప్పటికి పండుతుందో గానీ, తక్కువ ఉష్ణోగ్రత ప్లాస్మా ఫలాలు ఏనాడో చేతికందాయి. వాటిలో ఆసుపత్రులకు అత్యవసరమైన ఒకదానికి మనం రాసుకున్న నిబంధనే అడ్డుపడుతోంది.

2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు పసుపు సంచిలో వేసే వ్యర్థాలను, అంటే నెత్తురంటిన కట్లు, కాన్పులో వచ్చే మాయ, కోసి తీసిన శరీర భాగాల వంటివాటిని, ప్లాస్మా పైరాలిసిస్‌తో నిర్మూలించవచ్చన్నాయి. 75 కిలోమీటర్ల దూరంలో ఉమ్మడి శుద్ధి కేంద్రం సేవలు దొరికితే ఏ ఆసుపత్రీ సొంత శుద్ధి ఏర్పాటు చేసుకోకూడదనీ అవే నిబంధనలు శాసించాయి. ఇచ్చినట్టే ఇచ్చి లాక్కోవడమంటే ఇదే.

ప్లాస్మా పైరాలిసిస్ యంత్రాన్ని గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధన సంస్థ మన దేశంలోనే రూపొందించింది. గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ల మధ్య పుట్టే విద్యుత్ ఆర్క్, ఆక్సిజన్ చాలని గదిలో వ్యర్థాన్ని మండనివ్వకుండా విడగొడుతుంది. అందులోంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌లను రెండో గదిలో కాల్చి, ఆ వేడి వాయువులను చటుక్కున చల్లారుస్తారు. మెల్లగా చల్లారితే విషపూరిత డయాక్సిన్లు తిరిగి పుట్టుకొస్తాయి. వాటికి ఆ వ్యవధి ఇవ్వకపోవడమే ఇందులోని కిటుకు.

ఆసుపత్రికొక దహన యంత్రం పెట్టి ఊళ్లమీదికి పొగ వదలకూడదనే ఈ 75 కిలోమీటర్ల నియమం తెచ్చారు. కాదనను. ప్లాస్మాకు కరెంటు ఖర్చు ఎక్కువన్నదీ నిజమే. అయితే చిమ్నీలోంచి ఏం వస్తోందో కొలవాల్సిన చోట దూరాన్ని కొలిస్తే ఎలా? ప్లాస్మా పైరాలిసిస్‌కు ఉద్గార ప్రమాణాలు అవే నిబంధనల్లో ఉన్నాయి. వాటిని పాటించే యంత్రాన్నీ 75 కిలోమీటర్ల పేరుతో ఎందుకు ఆపాలి?

ఆ 75 కూడా అందరికీ ఒకటి కాదు. 10 వేల పడకలు లేని ప్రాంతాల్లో ఉమ్మడి కేంద్రం పరిధిని 150 కిలోమీటర్ల దాకా పెంచుకోవచ్చని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలే చెబుతున్నాయి. వ్యాపారం గిట్టుబాటు కావడానికి సాగే దూరం, మన్యంలోని ఆసుపత్రి కోసం ఎందుకు తగ్గదు? శుద్ధి చేయని ఈ వ్యర్థాలను 48 గంటలకు మించి నిల్వ ఉంచరాదన్నదీ ఆ 2016 నిబంధనలే. వానాకాలంలో ఘాట్ రోడ్డు తెగితే ఆ గడువు ఎవరు కాపాడతారు? పసుపు సంచులు ఆసుపత్రి వెనక కుళ్లుతుంటే జబ్బుపడేది నిబంధనలు రాసినవారు కాదు, వాటిని మోసే పారిశుద్ధ్య కార్మికులు.

ప్రజాధనంతో యంత్రం తయారుచేయించి, దానికి తలుపులు మూయడం క్షమించరానిది. ఉద్గార ప్రమాణాలు పాటించే ప్లాస్మా యంత్రాలకు 75 కిలోమీటర్ల నిషేధం వర్తించదని కేంద్ర పర్యావరణ శాఖ వెంటనే సవరణ తేవాలి.