నాటిన జుట్టు, ఎత్తవలసిన బరువు

జుట్టు నాటించుకోవడం ఒకప్పుడు సినిమా నటుల ముచ్చట. ఇప్పుడది మన ఇళ్ళ గడపల దాకా వచ్చింది. పెళ్ళి సంబంధాలు చూస్తున్న కుర్రవాళ్ళు, గల్ఫ్ నుండి సెలవు మీద వచ్చినవాళ్ళు, చిన్న వ్యాపారులు కూడా ఆ శస్త్రచికిత్స గురించి అడుగుతున్నారు. వారి ప్రశ్న సాధారణంగా ఖర్చు గురించే ఉంటుంది. చికిత్స అయ్యాక ఎన్ని రోజులకు జిమ్ముకు వెళ్ళవచ్చు, ఎన్ని రోజులకు బరువు ఎత్తవచ్చు అని అడిగేవారు తక్కువ. అడిగినా, డబ్బు కట్టేసిన తర్వాత అడుగుతారు. ఈ నెల మాటలు ఆ రెండో ప్రశ్న గురించే.

అసలు ఇది ధర్మసమ్మతమేనా అన్న సందేహాన్ని ముందే తీర్చుకుందాం. ఇతరుల వెంట్రుకలను తలకు అతికించుకోవడాన్ని దైవప్రవక్త (స) గట్టిగా నిషేధించారు. తన తల వెనుక భాగంలోని వెంట్రుకల మూలాలనే తీసి ముందు భాగంలో నాటించుకోవడం దానికి భిన్నమైనదనీ, అది లోపాన్ని సరిచేసే చికిత్స అనీ సమకాలీన ఉలమాలలో అనేకులు అభిప్రాయపడ్డారు. ఇస్రాయీలు సంతతికి చెందిన కుష్ఠురోగి, బట్టతల మనిషి, అంధుడు – ఈ ముగ్గురి వృత్తాంతం హదీసు గ్రంథాలలో ఉన్నది. దానిని కూడా వారు ఇక్కడ ప్రస్తావిస్తారు. కనుక ఆ చర్చను ఇంతటితో వదలి శరీరం సంగతికి వద్దాం.

మన ప్రాంతపు పాఠకులకు ఈ చికిత్సను వివరించడం తేలిక. ఇది మిరప నారు నాటడం వంటిదే. నారుమడిలో పెరిగిన మొక్కను పీకి పొలంలో పెడతాం. మొదటి రోజుల్లో అది వడలిపోయి కనిపిస్తుంది. వేరు కొత్త మట్టిని పట్టేదాకా దాన్ని కదిలించము. తలమీద జరిగేదీ అదే. ఒకటి నుండి నాలుగు వెంట్రుకలుండే చిన్న మూలాన్ని వైద్యులు గ్రాఫ్టు అంటారు. అటువంటివి రెండు, మూడు వేల దాకా తల ముందు భాగంలో చేసిన సన్నని గాట్లలో అమర్చుతారు. తొలి రెండు, మూడు రోజులు ఆ మూలానికి తన సొంత రక్తనాళం ఉండదు. చుట్టూ ఊరే ద్రవం మీదనే అది బతుకుతుంది. ఆ తర్వాతే సన్నని రక్తనాళాలు దానిని చేరి అల్లుకుంటాయి.

ఎన్నాళ్ళకు ఆ పట్టు చిక్కుతుంది? అమెరికా వైద్యులు బెర్న్‌స్టీన్, రాస్‌మన్ 2006లో దీనిపై ఒక పరిశీలన ప్రచురించారు. నాటిన వెంట్రుకను మొదటి రెండు రోజుల్లో లాగితే మూలం ఊడివచ్చింది. అంటుకొని ఉన్న పక్కును పీకితే అయిదో రోజు దాకా మూలం కూడా దానితోపాటు వచ్చింది. తొమ్మిదో రోజు నాటికి లాగినా మూలం కదలలేదు. 'పది రోజులు జాగ్రత్త' అని వైద్యులు చెప్పే మాట వెనుక ఉన్న ఆధారం ఇటువంటిదే.

అయితే పది రోజులకు మూలం నిలబడినంత మాత్రాన గాయం మానిపోయినట్టు కాదు. ఇక్కడే మన యువకులు పొరబడుతున్నారు. బరువు ఎత్తేటప్పుడు మనిషి ఊపిరి బిగబడతాడు. ఆ క్షణంలో రక్తపోటు అమాంతం పెరుగుతుంది. తల చర్మంలో రక్తనాళాలు చాలా ఎక్కువ. మానుతున్న గాట్ల నుండి నెత్తురు ఊరడానికి, వాపు పెరగడానికి అది చాలు. రెండోది చెమట. చెమటతో దురద పుడుతుంది, చేయి తెలియకుండానే తలమీదికి పోతుంది, గోరు తగులుతుంది. దుమ్ముతో కలిసిన చెమట తడి గాయం మీద నిలిస్తే చీము పట్టే అవకాశమూ ఉన్నది. మూడోది రాపిడి. టోపీ, తువ్వాలు, హెల్మెట్, జిమ్ములో వెల్లకిలా పడుకునే బల్ల – ఇవన్నీ రాపిడి కలిగించేవే. బల్లకు ఆనేది మూలాలు తీసిన వెనుక భాగం కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. అక్కడా వేల గాయాలుంటాయి.

మరి వ్యాయామానికి తిరిగి వెళ్ళడం ఎలా? మొదటి రెండు, మూడు రోజులు ఇంట్లోనే ఉండి, మెల్లగా అటూ ఇటూ నడిస్తే చాలు. దాదాపు వారం పాటు రెండు, మూడు దిండ్లు పెట్టుకొని తల ఎత్తుగా ఉంచి పడుకోవాలి. రెండో రోజు నుండి నాలుగో రోజు మధ్య నుదురు, కనురెప్పలు వాచవచ్చు. సాధారణంగా అది దానంతటదే తగ్గుతుంది. నాలుగైదు రోజుల తర్వాత చెమట పట్టనంత నెమ్మదిగా, చల్లని పూట కొద్ది దూరం నడవవచ్చు. పది రోజుల లోపు చెమట పట్టించే పని ఏదీ వద్దు. రెండు వారాలు గడిచి, పక్కులన్నీ రాలిపోయి, వైద్యుడు చూసి సరే అన్నాక వేగంగా నడవడం, కదలని సైకిలు తొక్కడం, చిన్న బరువులు మొదలుపెట్టవచ్చు. పరుగు, దండీలు, బస్కీలు, పెద్ద బరువులు మూడు, నాలుగు వారాల తర్వాతి మాట. అప్పుడు కూడా మొదటి రోజే పాత బరువు ఎత్తకూడదు. సగంతో మొదలుపెట్టి, ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతూ చేయాలి. కబడ్డీ, కుస్తీ వంటి తల తగిలే ఆటలకు, ఈతకు కనీసం నెల ఆగాలి. సాగర్ కాలువలోనో ఊరి బావిలోనో మునిగే అలవాటు ఉన్నవారు ఈ చివరి మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మానని చర్మానికి ఆ నీళ్ళు మంచివి కావు.

ఇక్కడ ఒక భేదం ఉన్నది. పైన చెప్పిన గడువులు మూలాలను ఒక్కొక్కటిగా తీసే ఎఫ్.యు.ఇ. పద్ధతికి వర్తిస్తాయి. ఎఫ్.యు.టి. అనే పద్ధతిలో తల వెనుక చర్మాన్ని సన్నని పట్టీగా కోసి తీసి, అంచులను కలిపి కుట్లు వేస్తారు. కుట్లు పది నుండి పద్నాలుగు రోజులకు విప్పుతారు. కానీ ఆ కోత గట్టిపడటానికి వారాలు పడుతుంది. మెడను బలంగా వంచినా, మెడకు, భుజాలకు బరువు పడినా మచ్చ సాగి వెడల్పవుతుంది. అది జీవితాంతం ఉంటుంది. కనుక ఈ పద్ధతిలో చేయించుకున్నవారు పెద్ద బరువులకు ఆరు వారాలో, వైద్యుడు చెబితే ఇంకా ఎక్కువ కాలమో దూరంగా ఉండాలి. తనకు ఏ పద్ధతిలో చేశారో తెలియని వారు కూడా ఉంటారు. తెలుసుకోకుండా జిమ్ములో అడుగుపెట్టడం ఎలా సాధ్యం?

జిమ్ము మానుకోవడం నిజానికి పెద్ద త్యాగమేమీ కాదు. నా ఆలోచన అంతా పని మానుకోలేని వాళ్ళ గురించి. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ మోసే మనిషి రోజుకు ఎన్నిసార్లు నలభై కిలోలకు పైబడిన బరువును వీపు మీదికి, మెడ మీదికి ఎత్తుకుంటాడో చూసినవారికి తెలుసు. ఏ జిమ్ములోనూ అంత వ్యాయామం ఉండదు. జిన్నింగు మిల్లులో పత్తి బోరాలు లాగేవాడి పరిస్థితీ అంతే. వైద్యుడు 'రెండు, మూడు రోజుల్లో పనికి వెళ్ళవచ్చు' అని చెప్పినప్పుడు ఆయన మనసులో ఉన్నది కుర్చీలో కూర్చొని చేసే పని. 'నేను బస్తాలు మోస్తాను' అని నోరు తెరిచి చెప్పకపోతే ఆ మాట మనకు చాలా ఖరీదవుతుంది. చికిత్స ఖర్చుతోపాటు నెల, నెలన్నర కూలి పోతుందని ముందే లెక్క వేసుకోండి. ఆ లెక్క ఇంటికి సరిపడకపోతే చికిత్సను వాయిదా వేయడమే మేలు. అప్పు చేసి జుట్టు నాటించుకొని, ఆ అప్పు తీర్చడానికి పదో రోజునే బస్తా ఎత్తినవాడికి డబ్బూ దక్కదు, జుట్టూ దక్కదు.

మిరప ఘాటు మరో సంగతి. యార్డులోనూ కల్లాల దగ్గరా ఆ ఘాటుకు తుమ్ములు ఆగవు. ప్రతి తుమ్ముకూ తలలో ఒత్తిడి పెరుగుతుంది. కారం అంటిన చేయి గాయం మీద పడితే మంట సంగతి చెప్పనక్కరలేదు. పత్తి నూగు, దుమ్ము కూడా అంతే. కనుక బరువు ఎత్తని గుమాస్తా అయినా కనీసం రెండు వారాలు ఆ గాలికి దూరంగా ఉండటం మంచిది. ఎండ విషయానికొస్తే, రెంటచింతల ఎండల పేరు తెలియనివారు మనలో లేరు. నాటిన చోట రెండు, మూడు నెలలు నేరుగా ఎండ తగలకుండా చూసుకోవాలి. వైద్యుడు అనుమతించాకే వదులైన టోపీ పెట్టుకోవచ్చు. హెల్మెట్ పెట్టుకునే వీలు వచ్చేదాకా బండి నడపవద్దు. గ్రాఫ్టులు పోతాయని హెల్మెట్ లేకుండా బయలుదేరేవారు తల కన్నా జుట్టును ఎక్కువగా ప్రేమిస్తున్నట్టు.

నమాజు సంగతి చాలామంది వైద్యుణ్ణి అడగరు. అడగాలి. సజ్దాలో తల గుండె కన్నా కిందికి వెళ్తుంది, నుదురు నేలకు ఆనుతుంది. నాటిన భాగం ఆ నుదుటికి అంగుళం, రెండంగుళాల దూరంలోనే ఉంటుంది. అందుకే మొదటి వారం, పది రోజులు వంగవద్దని సర్జన్లు చెబుతారు. సజ్దా చేయలేని రోగి కూర్చొని సైగతో రుకూ, సజ్దాలు చేసే వెసులుబాటు షరీఅతులో ఉన్నది. సజ్దాకు తలను రుకూ కన్నా కొంచెం ఎక్కువగా వంచితే చాలు. నమాజును మాత్రం వదలరాదు. వుజూలో తల మసహ్‌కు హనఫీ మస్లక్‌లో నాలుగో వంతు తల సరిపోతుంది కనుక, గాయం లేని పక్క భాగం మీద తడి చేయి తుడవవచ్చు. గుస్ల్ తప్పనిసరి అయినప్పుడు తల కడగడం హాని చేస్తుందని నమ్మకమైన వైద్యుడు చెబితే, తలకు మసహ్ చేసి మిగతా శరీరాన్ని కడగాలి. వీటి వివరాలను శస్త్రచికిత్సకు ముందే మీ మస్జిద్‌లోని ఆలింను అడిగి ఉంచుకుంటే ఆ రోజున తికమక ఉండదు.

మూడో వారం నుండి ఒక భయం మొదలవుతుంది. నాటిన వెంట్రుకలు రాలడం కనిపిస్తుంది. అప్పుడే జిమ్ము మొదలుపెట్టిన కుర్రవాడు వ్యాయామం వల్లే పోయిందని బెంబేలెత్తుతాడు. అది నిజం కాదు. రెండు నుండి ఆరు వారాల మధ్య నాటిన వెంట్రుకల్లో చాలా భాగం రాలడం సహజం. మూలం చర్మం లోపల భద్రంగానే ఉంటుంది. మూడు, నాలుగు నెలలకు కొత్త వెంట్రుక మొలుస్తుంది. పూర్తి ఫలితం కనబడటానికి సంవత్సరం పడుతుంది. గాయం మానిన తర్వాత వ్యాయామం వల్ల గానీ చెమట వల్ల గానీ జుట్టు ఊడదు. అయితే జిమ్ముల్లో కండల కోసం రహస్యంగా ఇచ్చే స్టెరాయిడ్ సూదుల సంగతి వేరు. బట్టతల వంశపారంపర్యంగా ఉన్నవారిలో అవి మిగిలిన జుట్టును కూడా త్వరగా రాల్చుతాయి. గుండెకు చేసే హాని అదనం. సిగరెట్టు కూడా గాయానికి చేరే రక్తాన్ని తగ్గిస్తుంది.

కనుక ఎప్పుడు చేయించుకోవాలన్నదే అసలు ప్రశ్న. నిఖాహ్‌కు రెండు నెలల ముందు చేయించుకుంటే పెళ్ళినాటికి నాటిన జుట్టు రాలిపోయి ఉంటుంది. ఆశ ఉంటే పది, పన్నెండు నెలల ముందు చేయించుకోవాలి. రమజాన్ ముందర వద్దు. మందుల వేళలు, నీళ్ళు తాగవలసిన అవసరం, తరావీహ్‌లోని దీర్ఘమైన సజ్దాలు ఆ రోజులకు పొసగవు. ఉమ్రాకు ముందు అసలే వద్దు. ఇహ్రాంలో పురుషుడు తల కప్పరాదు, ఎండలో తవాఫ్, సయీ చేయాలి, చివర తల వెంట్రుకలు గొరిగించుకోవాలి లేదా కత్తిరించుకోవాలి. మిర్చి సీజను నడిచే జనవరి నుండి ఏప్రిల్ దాకా యార్డు మనిషికి కుదరదు. మే నెల ఎండలు ఎవరికీ మంచివి కావు.

ఎవరు చేస్తున్నారన్నది చివరి మాట. 2022 సెప్టెంబరులో నేషనల్ మెడికల్ కమిషన్ దీనిపై స్పష్టమైన సూచనలు ఇచ్చింది. వర్క్‌షాపులకు హాజరైనంత మాత్రాన, యూట్యూబ్‌లో చూసినంత మాత్రాన ఎవరికీ ఈ శస్త్రచికిత్స చేసే అర్హత రాదని చెప్పింది. ప్లాస్టిక్ సర్జరీలో గానీ చర్మవ్యాధుల శాస్త్రంలో గానీ తగిన శిక్షణ పొందిన వైద్యుడే దీనిని చేయాలి. డబ్బు కట్టే ముందు ఆయనను కలిసి మీరు చేసే పని ఏమిటో చెప్పండి. బీపీ, షుగరు, రక్తం పలచబడటానికి వాడే మందులు ఉంటే దాచకండి. ఏ పద్ధతి, ఏ తేదీ నుండి నడక, ఏ తేదీ నుండి బరువు, ఏ తేదీ నుండి సజ్దా – ఇవి కాగితం మీద రాయించుకోండి. జ్వరం, చీము, వ్యాపిస్తున్న ఎరుపు, ఆగని నెత్తురు, రోజురోజుకూ పెరిగే నొప్పి కనిపిస్తే రాత్రివేళ అయినా ఏ నంబరుకు ఫోను చేయాలో కూడా ఆ కాగితం మీదే ఉండాలి.