పెరట్లో నీరు నిలిస్తే మట్టే మందా?

శ్రావణం, భాద్రపదం వచ్చాయంటే మన కోనసీమ పల్లాల్లో చాలా పెరళ్లు బురదే. చూరు నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు, వీధిలోంచి వచ్చే వాన నీళ్లు అన్నీ అక్కడికే చేరతాయి. రోడ్డు మీద రోడ్డు వేస్తున్న కొద్దీ వీధి మెరకవుతోంది, ఇల్లు పల్లమవుతోంది. బొప్పాయి నాలుగు రోజులు నీళ్లలో ఉందంటే వేరు కుళ్లి ఒరిగిపోతుంది. మునగా అంతే. అప్పుడు ఇంటాయనకు తోచే ఉపాయం ఒక్కటే, నాలుగు ట్రక్కుల మట్టి తోలించడం.

ఈ మట్టి తోలకం దండగ అంటాను నేను. స్వయంగా చేసి చూసిన పని కనుక చెబుతున్నాను. మా ఇంటి వెనక రెండు సెంట్ల పల్లాన్ని అప్పు చేసి మెరక చేయించాను. ఆ వానలకు మా పెరడు ఆరింది. నీళ్లు పోయి పక్కింటి పిన్నిగారి పశువుల పాకలో చేరాయి. ఆవిడ గేదె వారం రోజులు బురదలో నిలబడింది. నీరు ఎక్కడికీ పోదండి, పక్కకి జరుగుతుంది. ఆవిడా మెరక చేయిస్తే ఆ పక్కింటికి, ఇలా జరిగి జరిగి చివరికి మట్టి కొనలేనివాడి గుమ్మంలోకి.

మరుసటి ఏడు ఆ మట్టిలో సగం తవ్వి దొడ్డిగట్టుకు పోసి, నడుమ మోకాలి లోతు గుంట మళ్లీ చేశాను. దాని చుట్టూ బురదలో బతికే మొక్కలు వేశాను.

నేలలో నీరు నిండితే వేళ్లకు గాలి అందదు. బొప్పాయి చచ్చేది అందుకే. మరి చేమ ఎలా బతుకుతోంది? కాడ విరిచి చూడండి, లోపలంతా గుల్లగా ఉంటుంది. తామర తూడుకైతే బెజ్జాలు కంటికే కనపడతాయి. ఆకు నుంచి వేరు దాకా గాలి ఆ దారినే దిగుతుంది. మన వరి నీళ్లలో నిలిచేదీ ఈ బలంతోనే.

గుంట నడిమికి కలువ దుంప చాలు. అంచు బురదలో రెండడుగుల ఎడంగా చేమ పిలకలు నాటాలి. తూటికూర కాడలు జానెడు ముక్కలు గుచ్చితే కణుపు కణుపుకీ వేరు పోస్తుంది. ఇంకాస్త మెరకన, తడి మాత్రమే ఉండేచోట సరస్వతి ఆకు, పొన్నగంటి కూర. తొలకరికి నాటితే మంచిది. చాపలు అల్లే తుంగ కూడా వేయమంటే ఒక రైతు పడీపడీ నవ్వాడు. ‘‘చేలో తుంగ పీకడానికి కూలి ఇవ్వలేక చస్తుంటే పెరట్లో పెంచమంటావేంటయ్యా?’’ అన్నాడు. ఆయన మాటా నిజమే. చేను ఆనుకుని ఉన్న పెరడైతే తుంగ వద్దు.

మరుగుదొడ్డి గుంట ఊట గానీ, పురుగు మందు కొట్టిన చేల నీళ్లు గానీ ఆ పల్లంలోకి దిగుతుంటే మాత్రం అక్కడి ఆకు, దుంప నోట పెట్టకండి. అలాంటిచోట పూల మొక్కలతో సరిపెట్టుకోవాలి.

పాముల భయం ఉందంటారు. ఉంటుంది. అందుకే మొక్కల్ని గోడకు ఆరడుగుల దూరంలో ఉంచి, నడిచే దారి శుభ్రంగా పెట్టుకోవాలి. దోమలకైతే గుంటలో కాలువ పరిగెలు వదలండి, దోమ పిల్లల్ని తినేస్తాయి. పువ్వు బాగుందని పిల్లలు గుర్రపుడెక్క తెచ్చి వేస్తారు, ఒప్పుకోవద్దు. అది బ్రెజిల్ వైపు నుంచి వచ్చిన కలుపు. మాన్సోనియా అనే దోమ పిల్లలు దాని వేళ్లను, అంతర తామర వేళ్లను పట్టుకుని గాలి పీలుస్తాయి, బోదకాలు తెచ్చే జాతుల్లో అదొకటి. పేరు దగ్గరగా ఉంది కదా అని తూటికూరకు బదులు కాలువ గట్ల మీది తూటికాడ తేవద్దు. అది తిన్న మేకలు బతకవు.

మొక్కలు వేశాం కదా అని మురుగు కాలువ సంగతి వదిలేయమని కాదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో మురుగు పారుదల ఒకటి. పూడిక తీయాల్సిన వాళ్లు తీయాల్సిందే, అర్జీలు పెడుతూనే ఉండాలి. కానీ అది తీసేలోపు అప్పు చేసి పక్కవాడిని ముంచడం ఏం న్యాయం?

మొన్న పిన్నిగారు చేమ పిలకలు కావాలని అడిగి పట్టుకెళ్లారు. గేదె సంగతి మాత్రం ఇంకా మరిచిపోలేదు, పిలకలు అందుకుంటూ కూడా ఒక మాట అననే అన్నారు.