సైగాన్ గోడల మీది వియత్నాం

వియత్నాం తెలుగువాళ్ళకు కవిత్వంలోంచి పరిచయమైన దేశం. అరవైల చివర్లో, డెబ్భైల మొదట్లో మన కవులు ఆ యుద్ధం మీద ఎంతో ఆవేశంతో రాశారు. నాపాం మంటలు, తుపాకీ పట్టిన రైతు, బిడ్డను చంకనెత్తుకుని పరుగెత్తే తల్లి: ఆ దేశం మన మనసులో అలాగే ముద్రపడింది. ఇప్పుడు మనవాళ్ళు అక్కడికి విహారయాత్రలకు వెళ్తున్నారు. ఒకప్పటి సైగాన్ అయిన హో చి మిన్ సిటీలో దిగి, కూచి సొరంగాల్లో దూరి, మెకాంగ్‌లో పడవెక్కి వచ్చేస్తున్నారు. తమ యుద్ధాన్ని అక్కడివాళ్ళు తామే ఎలా గీసుకున్నారో చూసి వచ్చేవాళ్ళు అరుదు. చూడాలి. వివరం తెలిసినవాళ్ళను వెంటబెట్టుకుని మరీ చూడాలి.

బెన్ థాన్ మార్కెట్ నుంచి నడిచి వెళ్ళే దూరంలోనే ఒక పసుపుపచ్చ మేడ ఉంది. హుయి బోన్ హోవా అనే సంపన్న వ్యాపార కుటుంబం కట్టించుకున్న ఇల్లు అది. రంగు అద్దాల కిటికీలు, పాతకాలపు చెక్క లిఫ్టు ఇంకా ఉన్నాయి. ఇప్పుడది నగర లలితకళల మ్యూజియం.

అక్కడి యుద్ధకాలపు బొమ్మల దగ్గర మన అంచనాలు తలకిందులవుతాయి. దళాలతో పాటు అడవుల్లో నడిచిన చిత్రకారులు చిన్న చిన్న కాగితాల మీద పెన్సిలుతో, సిరాతో, నీటిరంగులతో గీసినవి అవి. మన కవితల్లో పారినంత నెత్తురు వాటిలో ఎక్కడా కనిపించదు. ఉన్నది విశ్రాంతి, ఎదురుచూపు, చెట్ల నీడ, కుర్రవాళ్ళ ముఖాలు. పక్కన చెప్పే మనిషి లేకపోతే, యుద్ధాన్ని తప్పించుకుని గీశారేమో అనిపిస్తుంది. ఈ బొమ్మలను అడవిలోనే తోటివాళ్ళకు చూపించేవారని, వాటి పని ధైర్యం నిలబెట్టడమని, రేపు ఉంటాడో లేడో తెలియని మనిషి పోలిక కాగితం మీదైనా మిగలాలన్నది గీసినవాళ్ళ తపన అని తెలిశాక అదే బొమ్మను మరోలా చూస్తాం. ఆశను గీయడం వాళ్ళకు ఉద్యోగధర్మం కూడా. ఆ తపన, ఈ ధర్మం ఒకే గీతలో కలిసిపోయి ఉంటాయి.

ఈ మ్యూజియంలో నా మనసు ఎక్కువగా చిక్కుకునేది న్గుయెన్ గియా ట్రి వేసిన పెద్ద చిత్రం దగ్గర. మధ్య, దక్షిణ, ఉత్తర ప్రాంతాల వసంతోద్యానం అని దాని పేరు. తొమ్మిది పలకలు, వెడల్పు 5.4 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు. 1969లో మొదలుపెట్టి 1989లో ముగించాడు. దేశం రెండుగా చీలి కొట్టుకుంటున్న రోజుల్లో మూడు ప్రాంతాల అమ్మాయిలను ఒకే తోటలో నిలబెట్టాడు. ఇది లక్కతో చేసిన చిత్రం. మన ఏటికొప్పాక లక్క పురుగుల నుంచి వస్తుంది. వాళ్ళ లక్క చెట్టుకు గాటు పెట్టి తీసే పాలు. చెక్క మీద దాన్ని పొర మీద పొరగా పూస్తారు. ఒక్కో పొర తేమగాలిలోనే ఆరుతుంది. నడుమ నడుమ బంగారు రేకు, వెండి రేకు, గుడ్డు పెంకు ముక్కలు పొదుగుతారు. చివర నీళ్ళు పోస్తూ అరగదీస్తారు. ఎక్కడ ఎంత అరగదీస్తే కింది రంగు ఎంత తేలుతుందో చేతికే తెలియాలి. సరైన చోట ఆపడంలోనే ఉంది పనితనమంతా.

ఇంతటి చిత్రాన్ని, జాతీయ నిధిగా ప్రకటించిన దాన్ని, శుభ్రం చేసే పేరుతో గిన్నెలు తోమే ద్రవంతోనూ గరుకు కాగితంతోనూ రుద్దారు. సుమారు 30 శాతం దెబ్బతిన్నట్టు 2019లో నిపుణులు తేల్చారు. చిత్రకారుడు ఎక్కడ చెయ్యి ఆపాడో, అక్కడి నుంచి ఇంకొకరి చెయ్యి ముందుకు పోయింది. ఇది తలచుకుంటే బాధ కలుగుతుంది. చూపించేవాళ్ళు దీన్ని దాచకూడదు. ఏ రంగులు మాసిపోయాయో వేలు పెట్టి చూపాలి.

దాచకూడనిది ఇంకొకటి ఉంది. 2016లో ఇదే మ్యూజియంలో, యూరప్ నుంచి తిరిగొచ్చిన పాత వియత్నాం చిత్రకారుల బొమ్మలంటూ 17 చిత్రాలు ప్రదర్శించారు. అవి ఆ పాత చిత్రకారుల అసలు పనులు కావని తేలి, మ్యూజియం క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. వాళ్ళలో ఒకడైన టా టీ 1952లో వేశాడని చెప్పిన బొమ్మను చూసి, అది నేను వేసిందేనని థాన్ చువాంగ్ అనే చిత్రకారుడు ముందుకొచ్చాడు. టా టీ పేరే ఎందుకు వాడుకున్నారన్నది ఆలోచించదగ్గ సంగతి. హనోయ్‌లో పుట్టి దక్షిణాదికి వచ్చినవాడు. 1975లో యుద్ధం ముగిశాక నిర్బంధ శిబిరంలో గడిపి, దేశం దాటినవాడు. అలాంటివాళ్ళ బొమ్మలకు సరైన లెక్క ఉండదు. లెక్క లేని చోటే నకిలీ సులువుగా దూరుతుంది.

మధ్యాహ్నం ఇప్పటి చిత్రకారుల గ్యాలరీలకు కేటాయించుకోవాలి. ఆ తరంలో దిన్ క్యూ లే గురించి తప్పక అడగాలి. 1968లో పుట్టాడు, పదేళ్ళ వయసులో కుటుంబంతో దేశం విడిచి, అమెరికాలో పెరిగి, తొంభైలలో తిరిగి వచ్చాడు. 2007లో స్నేహితులతో కలిసి సాన్ ఆర్ట్ అనే కళావేదికను నెలకొల్పాడు. చిన్నప్పుడు పిన్నమ్మ గడ్డి చాపలు అల్లుతుంటే చూసి నేర్చిన విద్యతో, ఫొటోలను సన్నటి పట్టీలుగా కోసి అల్లాడు. దగ్గరికి వెళ్తే పట్టీలు, నాలుగడుగులు వెనక్కి వస్తే ముఖాలు. యుద్ధవార్తల ఫొటో, హాలీవుడ్ సినిమా దృశ్యం ఒకదానిలోంచి ఒకటి తొంగిచూస్తాయి. పారిపోయిన కుటుంబపు బిడ్డ, అవతలి పక్షపు సైనిక చిత్రకారులు అడవిలో గీసిన వంద బొమ్మలను సేకరించి, వాళ్ళతో మాట్లాడి, 2012లో జర్మనీలోని కాసెల్‌లో డాక్యుమెంటా ప్రదర్శనలో పెట్టాడు. ఉదయం మ్యూజియంలో చూసిన కాగితాలు అలాంటివే. అతను 2024లో కన్నుమూశాడు.

బొమ్మల వెంట తిప్పి వివరించేవాళ్ళు ఆ నగరంలో దొరుకుతారు, ముందుగా మాట్లాడుకోవాలి. వాళ్ళను తప్పకుండా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: 1975కు ముందు సైగాన్‌లో ఉండి వేసినవాళ్ళ బొమ్మలు ఎన్ని మిగిలాయి, ఎవరి ఇళ్ళలో ఉన్నాయి?