బెల్జియంలో వార్తలకూ సరిహద్దే

2006 డిసెంబరు 13, రాత్రి ఎనిమిది దాటింది. బెల్జియంలోని ఫ్రెంచి భాషా ప్రభుత్వ టీవీ ఆర్‌టీబీఎఫ్ నడుస్తున్న కార్యక్రమాన్ని ఉన్నట్టుండి ఆపేసింది. రోజూ వార్తలు చదివే ఫ్రాన్స్వా ద బ్రిగోడ్ తెరమీదికొచ్చి, దేశంలోని డచ్చి ప్రాంతం ఫ్లాండర్స్ స్వాతంత్ర్యం ప్రకటించుకుందని చెప్పాడు. రాజుగారు దేశం విడిచి వెళ్లారట. కొత్త సరిహద్దు దగ్గర ట్రాము నిలిచిపోయిందట. రాజప్రాసాదం ముందు నుంచి విలేకరి ఊపిరి సలపకుండా చెబుతున్నాడు. ఇదంతా కల్పనేనని తెరమీద స్పష్టంగా వేసేసరికి అరగంట గడిచింది. అదీ ప్రసారాల మంత్రి ఫదీలా లానాన్ పట్టుబట్టాకే.

జనం ఎందుకు నమ్మారు? ఛానల్ మీద గురి ఒక కారణం. అసలు కారణం వేరే ఉందనిపిస్తుంది. రిమోట్ నొక్కి డచ్చి ఛానల్ పెడితే నిమిషంలో గుట్టు రట్టయ్యేది. పక్కభాష వార్తలు చూసే అలవాటే చాలా ఇళ్లలో లేదు.

విస్తీర్ణంలో తెలంగాణకు మూడో వంతు కూడా లేని దేశం ఇది. ఉత్తరాన డచ్చి మాట్లాడే ఫ్లాండర్స్, దక్షిణాన ఫ్రెంచి వాలోనియా, నడుమ రెండు భాషల రాజధాని బ్రస్సెల్స్. ఈ మూడు ప్రాంతాలు రోడ్లు, పరిశ్రమల వంటివి చూసుకుంటాయి. వాటికి తోడు డచ్చి, ఫ్రెంచి, జర్మన్ భాషా సమాజాలు మూడు. చదువు, సంస్కృతి, ప్రసారాలు వీటి చేతిలో ఉంటాయి. అందుకే బెల్జియంలో దేశమంతటికీ కలిపి ఒక ప్రభుత్వ టీవీ లేదు.

ఒకప్పుడు ఉమ్మడి సంస్థే ఉండేది. 1930లో పుట్టింది, 1960లో రెండుగా చీలింది, 1977కల్లా పూర్తిగా వేరుపడింది. తమాషా ఏమిటంటే, ఆర్‌టీబీఎఫ్, డచ్చి సంస్థ వీఆర్‌టీ బ్రస్సెల్స్‌లోని రేయర్స్‌లో దశాబ్దాలపాటు ఒకే ఆవరణలో పనిచేశాయి. వేరుపడిన అన్నదమ్ముల ఇల్లులా, చెరో వైపూ చెరొకరిది. యూరోవిజన్ పాటల పోటీకి మాత్రం ఒక ఏడు వీళ్లు, ఒక ఏడు వాళ్లు గాయకులను పంపుతారు.

ఈ ఏర్పాటులో మంచి లేదనలేం. తూర్పు అంచున ఓయ్‌పెన్ చుట్టుపక్కల జర్మన్ మాట్లాడేవారు 80 వేలకు లోపే. అయినా వాళ్లకు 25 మంది సభ్యుల పార్లమెంటు, బీఆర్‌ఎఫ్ అనే సొంత ప్రసార సంస్థ, 1927 నుంచి వస్తున్న గ్రెంజ్-ఎకో దినపత్రిక ఉన్నాయి. అంతా ఒకే సంస్థ అయ్యుంటే వాళ్ల వార్తలకు దక్కేది ఏ మూలో కాసింత చోటు.

నష్టం మరోచోట ఉంది. ఒకటి రెండు మినహాయిస్తే అక్కడి పార్టీలు కూడా భాషలవారీగానే చీలాయి. వాలోనియా ఓటరు ఫ్లాండర్స్ నాయకుడికి ఓటు వేయాలన్నా వేయలేడు. వేయలేని ఓటు కోసం పక్కభాష టీవీలో జవాబు చెప్పాల్సిన అవసరం నాయకుడికేముంది? 2007 జూలై 21, జాతీయ దినోత్సవం నాడు, ప్రధాని పదవికి ముందువరసలో ఉన్న ఫ్లాండర్స్ నేత ఈవ్ లెటెర్మ్‌ను ఆర్‌టీబీఎఫ్ విలేకరి ఒక చిన్న ప్రశ్న అడిగాడు: బెల్జియం జాతీయగీతం ఫ్రెంచిలో వచ్చా? ఆయన అందుకున్నది ఫ్రాన్స్ జాతీయగీతం! తండ్రి ఫ్రెంచి మాట్లాడే మనిషి కూడానూ. మరుసటి ఏడాది ఆయన ప్రధాని అయ్యారు. 2010 ఎన్నికల తర్వాత ప్రభుత్వం ఏర్పడటానికి 541 రోజులు పట్టింది. ఆ జాప్యానికి తప్పు మీడియా ఒక్కదానిదే అనలేం. కానీ అవతలివాడి వాదన అవతలివాడి నోటే వినని ఓటరు, రాజీ పడే నాయకుణ్ని మెచ్చుకోవడం కష్టం.

డబ్బుకు మాత్రం ఈ గీత అడ్డు రాలేదు. ఫ్రెంచి ప్రేక్షకుల టీవీ సంస్థ ఆర్‌టీఎల్ బెల్జియంను 2022లో ఫ్రెంచి పత్రికల సంస్థ రొసెల్, ఫ్లాండర్స్‌కు చెందిన డీపీజీ మీడియా కలిసి కొనుక్కున్నాయి. వార్తలను దాటించే పని మాత్రం చిన్న సంస్థల మీద పడింది. 2015 నుంచి దార్‌దార్ అనే వెబ్ పత్రిక ఫ్లాండర్స్ పత్రికల వ్యాసాలను ఫ్రెంచిలోకి తెస్తోంది.

అది చాలదు. భాషా సమాజాలు తమలో తాము ఒప్పందాలు చేసుకోవచ్చు, ఎవరి టీవీనీ ఎవరూ వదులుకోనక్కర్లేదు. పాటల పోటీకి కుదిరిన వంతుల పద్ధతిని దేశ పార్లమెంటు ఎన్నికల చర్చలకూ పెట్టాలి. ఫ్లాండర్స్ నేతలు ఆర్‌టీబీఎఫ్ స్టూడియోలో, వాలోనియా నేతలు వీఆర్‌టీ స్టూడియోలో కూర్చుని, తమకు ఓటు వేయలేని జనానికి జవాబు చెప్పాలి.