బస్తాల లెక్క



సూర్యాపేట మార్కెటునకో, మిర్యాలగూడ బియ్యపు మిల్లులకో ధాన్యము పంపు నింట బస్తాల లెక్క తప్పినచో రూకలు పోవును. కోదాడలో చదువుకొను బాలిక యొకతె ఆ లెక్కకై పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రాము వ్రాసిన దనుకొందము. అది తెరపై "బస్తాలెన్ని?" అని యడుగును, చెప్పిన సంఖ్యను 40 చేత గుణించి కిలోలు తెలుపును. బాలిక 25 అని టైపు చేయగా 1000 అని వచ్చెను. పిమ్మట తల్లి కూర్చుండి "25 బస్తాలు" అని టైపు చేసెను. వెంటనే ఇంగ్లీషు పంక్తులు నాలుగు వచ్చి ప్రోగ్రాము ఆగిపోయెను. "నాకు చేతకాదే" యని తల్లి లేచిపోయెను.

తప్పు తల్లిది కాదు, ప్రోగ్రాముది.

మనము టైపు చేసిన దంతయు యంత్రమునకు మొదట అక్షరముల వరుస మాత్రమే. దానిని పూర్ణసంఖ్యగా మార్చునది "ఇంట్" అను ఆజ్ఞ. "౨౫" అని తెలుగు అంకెలలో వ్రాసినను అది 25 గానే గ్రహించును. కాని "ఇరువదియైదు" అన్నను, "1,200" అని కామా పెట్టినను, ఏమియు వ్రాయక ఎంటర్ నొక్కినను "వాల్యూఎర్రర్" అని నిలిచిపోవును.

దీనికి ఉపాయము సులభము. మార్చు పంక్తిని "ట్రై" క్రింద నుంచవలెను. "ఎక్సెప్ట్ వాల్యూఎర్రర్" క్రింద "అంకెలు మాత్రమే వ్రాయండి, ఉదాహరణకు 25" అని చెప్పింపవలెను. ఈ రెంటిని "వైల్ ట్రూ" అను ఆవృత్తిలో నుంచినచో సరియైన సంఖ్య వచ్చువఱకు మరల మరల అడుగును. వచ్చిన పిమ్మట "బ్రేక్" అను మాటతో వెలుపలికి వచ్చును.

ఇంతతో చాలదు. -25 కూడ "ఇంట్"కు సంఖ్యయే. కావున సున్నకంటె హెచ్చా యని వేఱుగా చూడవలెను. 25 కు మాఱుగా 250 పడినచో ఈ పరీక్షలేవియు పట్టుకొనలేవు, "250 బస్తాలు, సరియేనా?" అని తిరిగి యడుగుటయే మేలు.

కొందఱు తప్పు జవాబు వచ్చినపుడు దానిని సున్నగా నెంచి ముందునకు సాగింతురు. ఇది ఆగిపోవుటకంటె చెఱుపు. ఆగిన ప్రోగ్రాము తప్పును చూపును. సున్న చేసినది దాచును. వేయి కిలోల ధాన్యము లెక్కలో కనబడక పోవును.

తల్లులారా! మీ బిడ్డ వ్రాసిన ప్రోగ్రామును మొదట పరీక్షించువారు మీరే కండు. తోచినదెల్ల టైపు చేసి చూడుడు. ఆగిపోయినచో సిగ్గుపడి లేవకుడు. బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని సరిదిద్దుమనుడు.