షాబాద్-చేవెళ్ల రోడ్లపై భారీ లోడ్లు: ఫైన్ ఒక్కటే సరిపోతుందా?

షాబాద్: చందన్‌వెల్లిలో ఫ్యాక్టరీలతో పాటే ఈ రోడ్ల మీదికి భారీ లోడ్లూ వచ్చాయి. వాటి ముప్పేంటో 2025 నవంబర్ 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర తెలిసొచ్చింది. కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. కంకరంతా ప్రయాణికుల మీదే పడింది.

భారీ ట్రాన్స్‌ఫార్మర్‌ను ముక్కలు చేయలేం. అందుకే ప్రత్యేక పర్మిషన్‌తో తరలిస్తారు. కంకరకు ఆ ఇబ్బంది లేదు, రెండు ట్రిప్పుల్లో తేవచ్చు. అయినా ఓవర్‌లోడ్ చేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 కింద 20 వేల ఫైన్, అదనపు టన్నుకు మరో 2 వేలు. ఎక్కువైన సరుకు దించాకే బండి కదలాలి. నడిపినవాళ్లే కాదు, నడిపించినవాళ్లూ బాధ్యులే.

కానీ రోడ్డు మీద పట్టుకునేసరికే ఆ బండి బస్సులకు ఎదురొచ్చేస్తుంది. అందుకే తూకం లోడ్ నింపే చోటే పడాలి.