ఫోటో తీశాం సరే, చూశామా?

మొన్న వారం రోజుల ఎండ తర్వాత ఒక్క వాన పడిందో లేదో, రోడ్ల పక్కన టెకోమా చెట్లన్నీ విరగబూశాయి. చూశారుగా? బయటికెళ్లి చూడకపోయినా మన గ్రూపులో చూసే ఉంటారు. ఒక్కరోజులో నలభై ఏడు ఫోటోలు వచ్చాయి, లెక్కపెట్టాను. అందులో ఆరు నావే, కాబట్టి ఎవరినో దెప్పుతున్నానని అనుకోకండి.

ఆ ఆరింట్లో మంచిదొకటి దుగ్గిరాలలో ఉన్న అమ్మకి పంపాను. సాయంత్రం ఫోన్ చేస్తే, "ఏదో పంపావటగా, తమ్ముడు చెప్పాడు. ఏమిటే అది?" అంది. నేను మర్చేపోయాను. గ్లకోమాతో అమ్మకి చూపు బాగా తగ్గి ఏడాది దాటింది. ఎదురుగా మనిషి నుంచుంటే తెలుస్తుంది గానీ ఫోన్‌లో పువ్వు తెలియదు. "పూలమ్మా, గులాబీ రంగు" అన్నాను. "ఏ గులాబీ? నాటు గులాబీ రంగా, కాగితంపూల రంగా? గుత్తులా, విడిపూలా? చెట్టుకి ఆకుందా?" ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఆరు ఫోటోలు తీసినదాన్ని, ఆకులున్నాయో లేవో చెప్పడానికి మళ్లీ ఫోటో తెరవాల్సొచ్చింది. ఆకులు దాదాపు లేవు, పూలే. అది చెట్టుకిందే నుంచున్నప్పుడు నాకెందుకు కనపడలేదు?

అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నా. మనం పూలని ఫోన్‌కి చూపించి వచ్చేస్తున్నాం. మనం చూడటంలేదు.

ఫోటోలు తీయొద్దని నేననను. మా దుగ్గిరాల పక్కనే తుమ్మపూడి. సంజీవదేవ్ గారి ఊరు. 1914లో పుట్టి 1999లో పోయిన ఆ పెద్దాయన బొమ్మలు వేశారు, కవిత్వం రాశారు, ఫోటోలూ తీశారు. వయసులో హిమాలయాల దాకా తిరిగి, రోరిక్ లాంటి చిత్రకారుడితో స్నేహం చేసి, మళ్లీ ఆ పల్లెటూరికే వచ్చి ఉండిపోయారు. స్వీయచరిత్రకి కూడా 'తుమ్మపూడి' అనే పేరు. మన మలేషియాలో పెనాంగ్ చిత్రకారుడు యోంగ్ మున్ సెన్ కూడా అంతే, నీటిరంగులతో కొబ్బరిచెట్లనీ జాలరి పల్లెల్నీ వేస్తూనే ఫోటో స్టూడియో నడిపాడు. వీళ్లకి కెమెరా అడ్డం రాలేదు. అయినా వాళ్లు రోజుకి నలభై ఏడు తీసి ఫార్వర్డ్ చేసుండరు లెండి.

అమ్మ దెబ్బ తర్వాత మేం కౌలా సెలాంగోర్ దగ్గర కంపుంగ్ క్వాంతాన్‌కి వెళ్లాం, మిణుగురులు చూడటానికి. చీకటి పడ్డాక నలుగురేసి సంపాన్‌లో ఎక్కిస్తారు, పడవతను తెడ్డు వేసుకుంటూ తీసుకెళ్తాడు. ఫ్లాష్ కొట్టకూడదు, పురుగులకి ఇబ్బంది. ఫ్లాష్ లేకుండా తీస్తే నల్లటి ఫోటో వచ్చింది. ఇక చేసేదేం లేక ఫోన్ లోపల పెట్టి చూశాను, అమ్మకి చెప్పాలి కదా అని. ఒడ్డున బెరెంబాంగ్ చెట్ల ఆకులమీద వేలకొద్దీ ఉంటాయి. మన పొలాల్లోలాగా తలోదిక్కూ ఎగరవు. చెట్టు చెట్టంతా ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరుతుంది, మళ్లీ వెంటనే వెలుగుతుంది. అలా మెరిసేవి మగ పురుగులట, ఆడవాటిని పిలవడానికి. ఒడ్డున ఆ చెట్లు కొట్టేస్తే ఇవీ పోతాయని పడవతను చెప్పాడు.

అమ్మకి చెప్పాను. "కాలవలో వదిలిన కార్తీకదీపాల్లాగానా?" అంది. కాదమ్మా, ఆ దీపాలు దేనికది ఆరుతుంది, ఇవన్నీ కలిసి ఆరుతాయన్నాను. కాసేపు ఆగి, "అయితే చెట్టు రెప్ప వేసినట్టన్నమాట" అంది.

నేను పడవలో కూర్చుని చూసొచ్చినా నాకా మాట తట్టలేదు.

"వసంతం లేని దేశంలో ఏం కవిత్వం రాస్తాం" అని మనలో ఒకరన్నారు. కౌలాలంపూర్‌లో కోయిల సంవత్సరం పొడుగూతా కూస్తుంది, తెల్లారుజామున నిద్రపోనివ్వదు కూడా. దానిమీద విసుక్కుంటూ రాయండి. జాతీయ పుష్పం బుంగా రాయా మన మందారమేగా. మా బాల్కనీ ఎదురుగా వర్షవృక్షం ఉంది, మన నిద్రగన్నేరు. సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకుంటుందని మలేవాళ్లు దాన్ని 'పుకుల్ లిమా' అంటారు, ఐదు గంటల చెట్టని. మా అమ్మాయి డ్రాయింగ్ పుస్తకంలో ఎప్పుడూ రెండు కొండలు, మధ్యలో సూర్యుడు. రోజూ చూసే ఈ చెట్టు వెయ్యవే అంటే మొదట గొడుగులా వేసింది. ఐదింటికి బయట కూర్చోబెడితే అరగంట చూసి, "అమ్మా, ఆకులు మూసుకుంటే కొమ్మల మధ్య ఆకాశం కనిపిస్తోంది" అని మళ్లీ వేసింది. బొమ్మ అంత గొప్పగా రాలేదు. ఫ్రిజ్‌మీద అదే ఉంది.

ఒక మాట మాత్రం నన్ను వదలటంలేదు. ఇక్కడే పుట్టిన నాలుగోతరం తెలుగక్కయ్య ఒకావిడ, వాళ్ల అవ్వ రబ్బరు తోటలో పాలు గీసేదట. ఎండలో రబ్బరుకాయలు టప్పున పేలి గింజలు రాలుతుంటే ఆ చప్పుడుమీద అవ్వ ఏవో పదాలు కట్టి పాడేదట, తెలుగులోనే. "పాట ఏమిటక్కా" అంటే, "టప్‌టప్ అని ఒకటే గుర్తుంది చెల్లీ" అంది. ఫోటో లేదు, రాత లేదు. అవ్వకి రాయడం రాదు. మరి మనకొచ్చుగా?

టైం ఎక్కడుందంటారు, నిజమే. కానీ మనలోనే ఒక నర్సమ్మ నైట్ డ్యూటీ దిగి బస్సులోంచి ఆకాశం రంగు చెప్తూ ఇరవై సెకన్ల వాయిస్ పెడుతుంది, విన్నారా? ఎవరూ హార్ట్ కూడా పెట్టలేదు దానికి. నాకు మాత్రం ఆ నెలలో మన గ్రూపులో అన్నిటికన్నా అదే నచ్చింది.

కాబట్టి వచ్చే వారం నాతో ఓ పందెం కట్టండి. గుడ్‌మార్నింగ్ గులాబీలు ఆపేసి, మీ కిటికీలోంచి కనపడేది ఏదైనా ఒక్కటి పంపండి. ఫోటో ఉంటే ఒక్క ఫోటో, కింద మీ సొంతంగా రెండు తెలుగు లైన్లు. మలే పేరే తెలిస్తే మలే పేరే రాయండి. రాయలేనివాళ్లు వాయిస్ పెట్టండి. అమ్మకి వినిపిస్తాను. ఆవిడ ప్రశ్నలకి మాత్రం మీరే జవాబు చెప్పుకోవాలి.